దురద పుట్టిన కుక్క - పంచాయతీ కర్తవ్యము

శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలములోని ఎర్రమంచి పేరు, 2019లో అచట కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించిన పిదప దేశమంతట వినవచ్చినది. కర్మాగారము వచ్చినను, అచటను చుట్టుపట్ల పల్లెలందును రచ్చకట్ట నీడను పడుకొను వీథికుక్క గ్రామజీవనములో భాగముగనే యున్నది.

అట్టి కుక్క రేయింబవళ్లు గోకుకొనుచు, పాదములు నాకుకొనుచు, వెండ్రుకలు రాలిన ఎఱ్ఱని చర్మముతో తిరిగినచో ప్రజలు పంచాయతీకి మొరపెట్టుకొందురు. “గజ్జికుక్క, పిల్లల కంటుకొనును” అని కొందఱు, “పిచ్చి పట్టినది” అని కొందఱు. చంపించుడని సభ్యులపై ఒత్తిడియు వచ్చును. తీర్పు చెప్పుటకు ముందు సభ్యులు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. దానినే ఇచట వివరింపదలచితిమి.

తలారి పొరపాటు

ఊరికి కావలియైన తలారి, పెండ్లికి వచ్చిన చుట్టమును చీకటిలో చూచి దొంగయని కేక వేసెననుకొందము. ఊరివారందఱు కఱ్ఱలతో పరుగెత్తుదురు. దొంగ లేడు, కాని త్రొక్కిసలాటలో వాములు చెదరును, దడులు విరుగును. నష్టము కలిగించినది చుట్టము కాదు, కావలివారి కలవరమే.

దేహమునకును ఇట్టి కావలి కలదు. అదియే రోగనిరోధక శక్తి. చర్మము దానికి కోటగోడ. కొన్ని కుక్కలకు ఈ గోడ పుట్టుకతోనే బలహీనముగ నుండును. గడ్డి పుప్పొడియు, ఇంటి దుమ్ములోని కంటికానని పురుగుల రేణువులును ఆ గోడ సందులగుండ లోనికి చొచ్చును. ఇవి స్వతః హానికరములు కావు. కాని దేహము వీనిని శత్రువులని భ్రమించి ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకమును తయారుచేయును. అది చర్మములోని మాస్ట్ కణముల నంటుకొని వేచియుండును. అవే రేణువులు మరల వచ్చినపుడు ఆ కణములు హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెదజల్లును. రక్తనాళములు వెడల్పగును, చర్మము ఎఱ్ఱబారి, వెచ్చనై, ఉబ్బును. దీనికే శోథయని పేరు. టి-కణములు విడుదలచేయు ఇంటర్‌లూకిన్-31 అను పదార్థము నరములను ప్రేరేపించి దురద పుట్టించును. కుక్క గోకుకొనును; గోకినకొలది గోడ చిట్లును; చిట్లినకొలది రేణువులు మరింతగ చొచ్చును. పుండ్లలో సూక్ష్మజీవులు చేరి చీమును, దుర్వాసనయు కలుగును.

ఇట్టి విపరీత ప్రతిచర్యకు 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ యని పేరిడెను. ఐ.జి.ఇ.ని 1966లో ఇషిజాకా దంపతులు కనుగొనిరి. మనుష్యులలో పుప్పొడివలన వచ్చు తుమ్ములకును మూలమిదియే. కావున అలర్జీ కుక్కనుండి పిల్లలకు అంటునది కాదు.

గుర్తింపవలసిన భేదములు

దురదలన్నియు ఒకటి కావు. పుప్పొడి, దుమ్ముల అలర్జీ సాధారణముగ ఆరు నెలలనుండి మూడేండ్ల వయస్సులో మొదలై పాదములు, మూతి, చెవులు, చంకలు, గజ్జలలో కనబడును. వెండ్రుకల నడుమ దుముకు చిన్న పురుగుల కాటువలని అలర్జీ నడుము వెనుకను, తోక మొదటను హెచ్చు.

గజ్జి వేఱు. అది పురుగువలన కలిగి, చెవి అంచులు, మోచేతులలో మొదలై ఇతర కుక్కలకు వ్యాపించును; తాకిన మనుష్యులకును కొంతకాలము దురద కలిగించును.

రేబిస్ వీనికంటె వేఱు. స్వభావములో ఆకస్మికమైన మార్పు, కారణములేక కఱచుట, చొంగ కార్చుట, దవడ వ్రేలాడుట, పక్షవాతము దాని గుర్తులు. కేవలము గోకుకొను కుక్కను పిచ్చిదనుట సరికాదు. అట్లని ఏ కుక్క కాటునైనను ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

పంచాయతీ చేయదగినవి

మొదట పశువైద్యునకు చూపింపవలెను. చర్మమును గీచి సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఆయన గజ్జి పురుగును వెదకును. సంచార పశువైద్య సేవకు 1962 ఫోను సంఖ్య కలదు.

కాలిన ఇంజను నూనె, కిరోసిను పూయుట మానిపింపవలెను. శోథతో నున్న చర్మమును అవి మరింత కాల్చును; నాకుకొనిన కుక్కకు విషమగును. స్టెరాయిడు మందులు దురదను త్వరగా తగ్గించినను, వైద్యుని సలహా లేక దీర్ఘకాలము వాడిన దేహరక్షణను క్రుంగదీయును. దురద సంకేతములనే అడ్డగించు ఒక్లాసిటినిబ్ అను మందు 2013లో అమెరికాలో అనుమతి పొందినది. అలర్జీ తఱచుగ పూర్తిగ పోదు. అదుపులో నుంచుటయే చికిత్స.

వీథికుక్కల సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలకును, రేబిస్ టీకాలకును 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు స్థానిక సంస్థలను బాధ్యులను చేసినవి. కావున ఇది పంచాయతీ పనియే. విషము పెట్టుట పరిష్కారము కాదు. ఆ విషపు ముద్ద గొఱ్ఱెకో, కోడికో, పసిబిడ్డకో అందవచ్చును. టీకాలు పొందిన కుక్కలే ఊరికి రేబిస్ నుండి రక్షణ.

కావలివాడు తొందరపడి కేక వేసినందున కుక్క చర్మము రగులుచున్నది. గ్రామమునకు కావలివారైన పంచాయతీ సభ్యులు అదే తొందరపాటునకు లోనుగాక, పరీక్షించిన పిదపనే తీర్పు చెప్పుదురని మా విశ్వాసము.