లేత ప్రత్తిచేనిలో పురుగుల పద్దు



మన అనంతపురము మెట్టసీమలో సాలునకు రమారమి 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. అదియు అదనునకు వచ్చునను నమ్మిక లేదు. ఇట్టిచోట అక్కఱలేని మందునకు వెచ్చించిన రూపాయి యెంత నష్టమో, అక్కఱయైనపుడు చల్లక జారవిడిచిన దినమును అంత నష్టమే. ఈ రెంటికి నడుమ దారి చూపునది లెక్క యొక్కటే.

ఉరవకొండ, విడపనకల్లు ప్రాంతముల నల్లరేగడి చేలలో మొలక మొదలు రెండు నెలలవఱకు ప్రత్తికి ముఖ్యశత్రువులు రసము పీల్చు పురుగులు: పచ్చదోమ, తామరపురుగు, పేనుబంక, తెల్లదోమ. 2002వ సంవత్సరమున మన దేశమున అనుమతింపబడిన బి.టి. ప్రత్తి కాయతొలుచు పురుగులకొఱకు ఏర్పడినదే గాని వీనిని చంపదు.

చూచు విధము: వారమునకొకమారు ప్రొద్దుటి చల్లనివేళ చేనిలోనికి పొండు. గట్టుప్రక్క మొక్కలను విడిచి, ఒక మూలనుండి వేఱొక మూలకు నడచుచు ఎకరమునకు 20 మొక్కలను చూడుడు. ప్రతి మొక్కకు పైన, నడుమ, క్రింద ఒక్కొక్క ఆకును త్రుంపక మెల్లగా త్రిప్పి అడుగుభాగమున లెక్కింపవలయును. పచ్చదోమ పిల్లలు కదలించినంతనే ప్రక్కవాటుగా నడచును. అఱువది ఆకులలో అవి 120 ఉన్నచో ఆకునకు రెండు. అదియే మందు చల్లవలసిన హద్దు. తామరపురుగునకు హద్దు ఆకునకు పది, అనగా మొత్తము 600.

ఒకయేడు మేమొక రైతు గట్టుననే నిలిచి, ఆకులు వాలియుండుట చూచి, పచ్చదోమయని తలచి మందు చల్లించితిమి. సాయంకాలమునకు మందు చల్లని ప్రక్కచేని మొక్కలును తేరుకొనెను. అది పురుగు కాదు, బెట్ట. ఆ మందునకు అక్షింతల పురుగులు చచ్చెను. వానికి ఆహారమైన పేనుబంక పిమ్మట చేనిని క్రమ్మెను. రెండవమందు అప్పుమీద కొనవలసి వచ్చెను. తప్పు మాది, అప్పు ఆ రైతుది.

కావున గుర్తెఱుగుడు: బెట్టకు వాలిన ఆకు సాయంకాలమునకు లేచును. పచ్చదోమ పట్టిన ఆకు అంచులు పసుపువాఱి, క్రిందికి ముడిగి, ఎఱ్ఱబాఱును; తేరుకొనదు. తామరపురుగు పట్టిన ఆకు పైకి ముడుచుకొని, అడుగున వెండివలె మెఱయును.

లెక్క హద్దునకు లోబడియుండి, అక్షింతల పురుగులు, సాలీళ్లు కనబడినచో ఆగుడు. మూడునాళ్లకు మఱల లెక్కింపుడు. హద్దు దాటినచో వ్యవసాయాధికారి నడిగి తగిన మందు నొక్కదానినే చల్లుడు, పలుమందులు కలుపవలదు.

అప్పుపద్దు మనమందఱము వ్రాసికొందుము; పురుగులపద్దును వ్రాసినచో ఆ అప్పు కొంత తగ్గును. మందునకై సంఘమునకు వచ్చునపుడు ఆ కాగితము వెంట తెండు.