మేనకోడలి కేకు, మే నెల ఎండ

రాజమహేంద్రవరం

తమ్ముడూ,

నువ్వు పంపిన కేకు ఫోటో చూశాను. మూడంతస్తులు, పైన చక్కెర పూలు, చుట్టూ ముత్యాల వరసలు. దాని జోలికి పోకురా. ఆ పూలు పిల్లలు తినరు, తీసి పక్కన పెట్టేస్తారు. మే నెల బెజవాడలో నువ్వు చెయ్యాల్సింది ఒకే ఒక్క కేకు: మూడు పొరలుగా కోసి మధ్యలో క్రీమూ మామిడిపండు ముక్కలూ పెట్టినది. బేకరీలో కొనేస్తే పోతుంది కదా అని మరదలు అంటోందన్నావు. కూతురి పుట్టినరోజుకి నీ చేత్తో చేసిపెట్టాలని నీకు పుట్టిన ఆ ఆశ నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. అందుకే ఫోన్లో నాలుగు మాటలతో సరిపెట్టకుండా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. ఈ కేకుకి చేతి పనితనం కంటే వేళ ముఖ్యం. స్పాంజి వేడిగా పుడుతుంది, క్రీము చల్లగా ఉంటేనే నిలుస్తుంది. రెండిటికీ మధ్య ఒక రాత్రి గడవాలి. శనివారం సాయంత్రం కొయ్యాలంటే శుక్రవారం సాయంత్రానికల్లా స్పాంజి ఓవెన్‌లోంచి బయటికి వచ్చెయ్యాలి. ఒక్క పూటలో అంతా కానిచ్చేద్దామని చూసినవాళ్ళ కేకులే పక్కకి జారిపోతాయి.

శనివారం అమ్మ గుడ్డు ముట్టదు, మీ అత్తగారూ అంతే. మనవరాలి కేకు అందరూ తింటూంటే వాళ్ళు చూస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు. పెరుగుతో చెయ్యి. కమ్మటి పెరుగు పావు కిలో, పంచదార 150 గ్రాములు, వాసన లేని సన్‌ఫ్లవర్ నూనె 100 మిల్లీలీటర్లు, కాస్త వెనీలా; పంచదార కరిగేదాకా గిలక్కొట్టు. మైదా 190 గ్రాములు, బేకింగ్ పౌడర్ చెంచాంబావు, వంటసోడా అరచెంచా, చిటికెడు ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించు. పెరుగులో పులుపుకి సోడా తగలగానే బుడగలు లేస్తాయి. కేకుని పైకి లేపేవి అవే. అందుకని ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, ఏడంగుళాల టిన్నుకి కాగితం వేసి సిద్ధంగా ఉండాలి. మైదా పడ్డాక పొడి కనబడనంతవరకే కలుపు. అదే పనిగా తిప్పితే జిగురు పట్టి గట్టిపడుతుంది. 170 డిగ్రీల మీద ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ముప్పై నిమిషాల లోపు తలుపు తెరవకు, మేనకోడలు ఎంత బతిమాలినా సరే.

వెన్న బదులు నూనె ఎందుకంటే, ఈ కేకు ఫ్రిజ్‌లో ఉండేది. వెన్న చల్లదనానికి గట్టిపడి స్పాంజిని బిరుసు చేస్తుంది, నూనె చెయ్యదు. పూర్తిగా చల్లారాక గాలి తగలకుండా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు. చల్లటి స్పాంజి పొడి రాలకుండా తెగుతుంది. కత్తి వంకర పోతుందని భయమైతే అంచు చుట్టూ రంపపు కత్తితో గాటు పెట్టి, ఆ గాట్లో కుట్టుమిషను దారం చుట్టి, రెండు కొసలూ అడ్డంగా మార్చి పట్టుకుని లాగు. పొర సాఫీగా విడిపోతుంది.

ఇక పండు. మీ అత్తగారివాళ్ళు పంపిన నూజివీడు చిన్నరసాలు కేకులో వేస్తానన్నావు. వద్దు. అవి పిండుకుని జుర్రుకోవడానికి పుట్టిన పళ్ళు; ఆ రసం క్రీములోకి దిగి పొరలన్నీ జారతాయి. కేకుకి బంగినపల్లి కావాలి. పీచు ఉండదు, కండ గట్టిగా ఉంటుంది, కోసిన ముక్క కోసినట్టే నిలుస్తుంది. బాగా మగ్గినది కాకుండా, నొక్కితే కొంచెం బిగువుగా ఉన్నది ఎంచుకో. గోరంత ముక్కలు కోసి, పొడిగుడ్డ మీద పరిచి తడి లాగెయ్యి. అనాస కూడా వేద్దామనుకుంటే పచ్చిది వెయ్యకు. అందులో ఉండే బ్రొమిలైన్ అనే ఎంజైమ్ పాలలోని మాంసకృత్తుల్ని విరిచేస్తుంది, క్రీము నీరుకారి చేదెక్కుతుంది. బొప్పాయి, కివీ పళ్ళతోనూ ఇదే తంటా. అనాసని కాస్త పంచదారతో ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఒక్క మామిడితో సరిపెట్టుకోమనే నా సలహా.

క్రీము దగ్గర మాత్రం కళ్ళు తిప్పకు. కూరల్లో వేసుకునే ఫ్రెష్ క్రీము డబ్బాలో కొవ్వు 25 శాతమే, ఎంత గిలకొట్టినా నిలబడదు. 30 శాతానికి పైన ఉన్న విప్పింగ్ క్రీము అడిగి తీసుకో. బేకరీల్లో వాడేది ఎక్కువగా నూనెలతో చేసిన క్రీము. అది ఎండకి ఆగుతుంది, ఒప్పుకుంటాను. కానీ తిన్నాక అంగిట్లో జిడ్డు మిగులుతుంది. పసిదానికి పాల క్రీమే పెట్టు. 400 మిల్లీలీటర్లు చాలు. క్రీమూ గిన్నే బీటరు పుల్లలూ అన్నీ గంటసేపు ఫ్రిజ్‌లో ఉండాలి. గిన్నెని ఐసుముక్కలు వేసిన పళ్ళెంలో పెట్టి, నాలుగు చెంచాల పంచదార పొడీ రెండు చెంచాల పాలపొడీ వేసి, తక్కువ వేగంతో మొదలుపెట్టు. పాలపొడి క్రీముకి బలమిస్తుంది. మొదట నురగ, తర్వాత చిక్కదనం, ఆ తర్వాత పుల్లల వెనకాల చాళ్ళు పడతాయి. చాళ్ళు పూడకుండా నిలిచాయంటే ఆపి, పుల్ల పైకెత్తి చూడు. కొస నిలబడి, చివర కొంచెం వంగితే అయిపోయినట్టే. ఇంకో అరనిమిషం తిప్పితే గరుకెక్కుతుంది, ఆపైన వెన్నా మజ్జిగా విడిపోతాయి. అమ్మ కవ్వంతో చిలికేది ఇదే కదా!

శనివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే పేర్చెయ్యి. యాభై గ్రాముల పంచదార వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చు, తీగపాకం అక్కర్లేదు. ఒక్కో పొర మీద అది బ్రష్‌తో అద్ది, పలచగా క్రీము రాసి, అంచున క్రీముతో గట్టు కట్టు. ముక్కలు గట్టు లోపలే ఉండాలి. పైన మళ్ళీ క్రీము, ఆపైన పొర. అన్నీ పేర్చాక చుట్టూ పలచటి పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచు. రాలిన పొడి ఆ పూతలోనే ఆగిపోతుంది, రెండో పూత తెల్లగా వస్తుంది.

ఫ్రిజ్‌లో ఒక అర శుక్రవారమే ఖాళీ చేయించు. దోసెల పిండి, ఉల్లిపాయ ముక్కలు, మల్లెపూలు ఏవున్నా క్రీము ఆ వాసన పట్టేస్తుంది. మూత ఉన్న పెద్ద డబ్బాలో పెడితే మేలు. అందరూ వచ్చాకే బయటికి తియ్యి. ఈ ఎండల్లో గంటకి మించి బయట ఉంచొద్దు, మిగిలితే వెంటనే లోపల పెట్టెయ్యి.

వేడినీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో కొయ్యి, ప్రతి ముక్కకీ మళ్ళీ తుడువు. చిటపటలాడుతూ పైకి లేచే ఆ చిచ్చుబుడ్డి కొవ్వొత్తులు కొనకు, రజనంతా క్రీము మీద పడుతుంది. మామూలు కొవ్వొత్తులు ఏడు చాలు. ఇంకొకటి: పిల్లలు చల్లుకునే నురగ స్ప్రే డబ్బాలు ఎవరైనా తెస్తే తీసి బీరువాలో పెట్టెయ్యి. కొవ్వొత్తి మంటకి తగిలితే భగ్గున అంటుకుంటుందిరా. జుట్టు విరబోసుకున్న ఆడపిల్లలు చుట్టూ ఉంటారు. ఈ విషయంలో ఎవరు నవ్వినా ఊరుకోకు.

మరదలికీ, చిట్టితల్లికీ నా ఆశీస్సులు.

నీ అక్క