లూసియా హారిస్: ఒక కళాశాల క్రీడాకారిణి చరిత్ర

బాస్కెట్‌బాల్ ఆటను 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమందు వై.యం.సి.ఏ. వారి శిక్షణశాలలో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. మరుసటి యేటనే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయురాలు స్మిత్ కళాశాలలోని యువతులకు దానిని నేర్పెను. కావున ఇది పురుషుల ఆటయనియు, బాలికలు దానిని చాలకాలమునకు పిమ్మట అరువు తెచ్చుకొనిరనియు తలంచుట సరికాదు.

అయినను బాలికలకు ఈ ఆట నిరాటంకముగ సాగలేదు. మిస్సిసిపి రాష్ట్రములోని డెల్టా స్టేట్ కళాశాలవారు 1932లో, ఇది స్త్రీలకు మిక్కిలి శ్రమకరమని చెప్పి, బాలికల జట్టును రద్దుచేసిరి. ఆనాడు ఆ జట్టులో ఆడుచుండిన మార్గరెట్ వేడ్ అను యువతి నలువదేండ్లకు పైగా గడచిన పిదప, 1973లో జట్టు మరల నేర్పడినప్పుడు, దానికి శిక్షకురాలయ్యెను. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదను శాసనము అంతకు ముందటి యేడే పుట్టియుండెను.

ఆ జట్టునకు వన్నె తెచ్చిన బాలిక లూసియా హారిస్. ఆమె 1955 ఫిబ్రవరి 10వ తేదీన మింటర్ సిటీ అను చిన్న యూరిలో, వ్యవసాయము చేయు నల్లజాతి కుటుంబమున జనించెను. పదునొకండుగురు సంతానములో ఆమె యొకతె. చిన్ననాడు పత్తి తీసెను. ఆరడుగుల మూడంగుళముల పొడవరియగుటచే తోడిపిల్లలు ఎగతాళి చేయుచుండిరి. డెల్టా స్టేట్ జట్టులో ఆమె ఒక్కతెయే నల్లజాతి యువతి.

1975, 1976, 1977 సంవత్సరములలో, వరుసగా మూడుసార్లు, ఆ జట్టు దేశమందలి కళాశాలల స్త్రీల పోటీలలో ప్రథమ స్థానము గెలిచెను. మొదటి యేట ఒక్క పందెమైనను ఓడలేదు. లూసియా 115 పందెములలో 2,981 పాయింట్లు సంపాదించెను. దూరమునుండి వేసినచో మూడు పాయింట్లిచ్చు నేటి నియమము అప్పుడు లేదు. బుట్టలో పడిన బంతికి రెండు, తప్పునకు పరిహారముగ దొరకిన వేటునకు ఒకటి, అంతే. ఈ లెక్కకంటె మాకు ఘనముగ తోచునది మరియొకటి కలదు. గురితప్పి తిరిగివచ్చిన బంతిని ఆమె 1,662 మారులు చేజిక్కించుకొనెను. ఇది పొడవువలననే వచ్చునని మా విద్యార్థినులు తలంచరాదు. బంతి ఏవైపునకు వచ్చునో ముందే కనిపెట్టి, ఆ తావున పాదములూని నిలుచుటయే అందలి రహస్యము.

1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీల బాస్కెట్‌బాల్ మొట్టమొదటిసారిగా చేర్చబడెను. ఆ పోటీలలో తొలి పాయింట్లు లూసియావే. ఆ పందెమున జపాను గెలిచినను, తుదకు అమెరికా జట్టు వెండిపతకము పొందెను.

1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అను పురుషుల జట్టువారు ఆమెను 137వ యెంపికగ కోరుకొనిరి. ఆమె పోలేదు, అప్పటికి గర్భవతి. పోయి చూడవలసినదని కొందరందురు. మేమట్లు తలంపము. పురుషుల నడుమ నెగ్గుటయే స్త్రీకి కొలమానమేల కావలెను? విచారింపదగినది వేరొకటి: ఆనాడు అమెరికాలో స్త్రీలు జీతముపై ఆడుటకు జట్టుల సంఘమే లేదు. 1978లో ఒక సంఘము వెలసి, 1981లో అంతరించెను. ఆమె అందు హ్యూస్టను జట్టులో ఒక్క ఋతువు మాత్రమే ఆడెను. నేడున్న సంఘము 1997లోగాని ఆటలు మొదలిడలేదు.

"ఆడపిల్లకు ఆటవలన ప్రయోజనమేమి?" అని తలిదండ్రులు కొందరు మమ్మడుగుచుందురు. లూసియాకు ఆటవలన ధనము రాలేదు. కాని ఆమె పట్టభద్రురాలై, ఎం.ఏ.కు సమానమగు పట్టమును గూడ పొంది, తాను చదివిన గ్రీన్‌వుడ్‌లోని ఉన్నత పాఠశాలకే శిక్షకురాలుగ మరలివచ్చెను. నలుగురు బిడ్డలను పెంచెను. మనోవ్యాధి తన్ను బాధించినట్లు ఆమెయే దాపరికము లేక చెప్పెను. 1992లో నెయిస్మిత్ పేరిట నున్న కీర్తిమందిరమున చేర్చబడిన తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే.

2022 జనవరి 18వ తేదీన ఆమె మరణించెను. ఆమెనుగూర్చి తీసిన చిన్న చలనచిత్రమునకు రెండు మాసముల పిమ్మట ఆస్కార్ బహుమానము వచ్చెను.