గంజి పులియకుండుటకు సుగంధ తైలములు

వర్షాకాలములో సాయంత్రము కాచిన గంజి తెల్లవారుసరికి పులిసి పలుచబడుట మన సభ్యులందరు ఎరిగినదే. అట్టి గంజి పెట్టిన పడుగు బిగువుగా నుండదు. నూలు రేగి మగ్గముపై పోగులు తెగును. యానాం, బరంపురం వంటి సముద్రపు గాలి తగులు తావులలో ఈ బాధ మరింత హెచ్చు. లవంగనూనె చుక్కలు వేసిన గంజి చెడదట, నిజమేనా యని పలువురు మమ్ము అడుగుచున్నారు. కొంత నిజమే.

గంజిని చెరుపునవి ముఖ్యముగా బాక్టీరియా అను సూక్ష్మజీవులు. అవి పిండిని తిని ఆమ్లముగా మార్చును. అందుచే పులుపు వాసన పుట్టి జిగట పోవును. తడియారని పడుగుపై వచ్చు నల్లమచ్చలు మాత్రము బూజు. అది నూలునే తినివేయును.

లవంగనూనెలో యూజినాల్, వాములో థైమాల్ అను పదార్థములు కలవు. అంగళ్లలో అమ్ము వాము పువ్వు ఈ థైమాలే. 1867లో లిస్టరు అను శస్త్రవైద్యుడు గాయములు కుళ్లకుండ కార్బాలిక్ ఆమ్లమును వాడిన విధమును ప్రకటించెను. పై రెండును ఆ జాతివే. సూక్ష్మజీవి చుట్టునున్న పలుచని పొరలో ఈ తైలము దూరి దానిని చెరచును. లోపలి సారము బయటికి కారి జీవి నశించును. కాని అన్ని బాక్టీరియాలు ఒకే తీరున లొంగవు. కొన్నింటికి పైన మరియొక పొర యుండుటచే అవి తట్టుకొనును. తడిచోట్ల పెరుగు సూడోమోనాస్ అను జాతి మరీ మొండిది.

అసలు చిక్కు కలుపుటలోనే యున్నది. తైలము నీటిలో కరగదు. లవంగనూనె బరువైనది గనుక అడుగున చేరును. నిమ్మగడ్డి నూనె పైన తేలును. కావున ముందు కొద్ది సబ్బునీటిలో బాగుగ గిలకొట్టి, పిమ్మట చల్లారిన గంజిలో కలుపవలెను. కాగుచున్న గంజిలో వేసిన తైలము చాలవరకు ఆవిరియై పోవును. వాసన వీధికి, ఖర్చు మనకు! నూలు మెత్తదనమునకై గంజిలో వేరుసెనగనూనె వేయువారు ఇంకొకటి గమనింపవలెను. సుగంధ తైలము ఆ నూనెలోనికి చేరి, నీటిలోని బాక్టీరియాకు అందుట తగ్గును.

లీటరు గంజికి 1 మిల్లీలీటరుతో మొదలిడి, తైలము కలపని గంజిని వేరొక కుండలో ఉంచి రెంటిని పోల్చి చూడుడు. నిలువయున్న లవంగనూనె గోధుమరంగునకు తిరుగును గనుక, తెల్లని పడుగునకు పెట్టబోవుముందు వ్యర్థపు నూలుపై పరీక్షింపవలెను. కొనునప్పుడు ఒక చుక్కను కాగితముపై వేసి మరునాడు చూడుడు. వంటనూనె కలిసియున్నచో జిడ్డుమరక పోకుండ నిలుచును.

ఏనాటి గంజి ఆనాడు కాచుకొనుటయే చౌక యని మా అభిప్రాయము. వాన పడి పడుగు పని సగములో ఆగినపుడు మాత్రము తైలము అక్కరకు వచ్చును. ఆరని పడుగును చుట్టిపెట్టినచో ఏ తైలమును కాపాడజాలదు.

తైలమును నీళ్లు కలపక చేతితో తాకరాదు; చర్మము మండును. తెగిన వ్రేలికి దీనిని పూసి ఊరకుండక వైద్యునికి చూపవలెను. పిల్లలు మ్రింగిన ప్రాణాపాయము. సీసా ముదురురంగు గాజుదై, మూత బిగువుగా నుండి, వారికి అందని ఎత్తున ఉండవలెను.