గది కూడా వాద్యమే

పాఠ్యభాగ పరిచయం

శబ్దం భౌతికశాస్త్రానికి సంబంధించినది; సంగీతం హృదయానికి సంబంధించినది. ఈ రెండూ కలిసే చోటు శ్రోత కూర్చున్న గది. రాక్ సంగీతాన్ని ఇంట్లో వినడానికి విలువైన లౌడ్‌స్పీకర్లను ఎంపిక చేసుకొనేవారు ముందుగా గది స్వభావాన్ని ఎందుకు గుర్తించాలో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళా ప్రదర్శనశాల ప్రారంభమైంది. దానిలోని ఉపన్యాస మందిరం చూడటానికి అందంగా ఉన్నా వినడానికి పనికిరాలేదు. ఉపన్యాసకుడు పలికిన ఒక్కొక్క మాట సుమారు అయిదున్నర సెకన్లపాటు గోడల మధ్య తిరుగాడేది. మొదటి మాట అణగకముందే తరువాతి మాటలు దానిపై పడి అర్థం చెదిరిపోయేది. ఈ లోపాన్ని సరిదిద్దే బాధ్యత యువ భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలెస్ సాబిన్‌పై పడింది. ఆయన సమీపంలోని సాండర్స్ రంగశాల నుండి ఆసనాల మెత్తలను రాత్రివేళ తెప్పించి, వాటి సంఖ్యను పెంచుతూ, ఆర్గన్ గొట్టపు నాదం ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. మెత్తలు పెరిగేకొద్దీ నాదం నిలిచే కాలం తగ్గింది. ఈ కాలాన్నే ప్రతినాద కాలం అంటారు. గది ఘనపరిమాణం పెరిగితే అది పెరుగుతుందనీ, ధ్వనిని పీల్చుకొనే వస్తువులు పెరిగితే తగ్గుతుందనీ సాబిన్ నిరూపించారు. ఆ సూత్రం ఆధారంగా నిర్మించిన బోస్టన్ సింఫనీ మందిరం 1900లో ప్రారంభమై నేటికీ ప్రపంచ ప్రసిద్ధమై ఉంది.

సాబిన్ సూత్రం సామాన్యుని గదికీ వర్తిస్తుంది. తెలుగు నాట చాలా ఇళ్లలో నేల రాతి బండలతోనో పాలరాతితోనో పరచి ఉంటుంది. గోడలు సిమెంటు పూతతో, పైకప్పు కాంక్రీటుతో ఉంటాయి. 5 మీటర్ల పొడవు, 4.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల అటువంటి ఖాళీ గదిని ఊహించండి. దాని తలాలు తమపై పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులు మాత్రమే పీల్చుకొంటే ప్రతినాద కాలం సుమారు 3.5 సెకన్లు అవుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో సాగే పాటలో ఒక్కొక్క దెబ్బకు అర సెకను వ్యవధి ఉంటుంది. అంటే ఒక దెబ్బ పూర్తిగా అణగేలోగా మరో ఏడు దెబ్బలు దానిపై పడతాయి.

ఆర్కెస్ట్రా సంగీతానికి రెండు సెకన్లకు చేరువైన ప్రతినాదం నిండుదనాన్నిస్తుంది. రాక్ సంగీతం వేరు. విద్యుత్ గిటారు నాదం స్వయంగా దట్టమైనది. డ్రమ్ము దెబ్బ క్షణకాలపు తీవ్రతతో పుడుతుంది. వాటి మధ్యనుండే గాయకుని గొంతు వినిపించాలి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నీల్స్ అడెల్మన్-లార్సెన్ బృందం డెన్మార్క్‌లోని 20 రాక్ సంగీత వేదికలను పరిశీలించింది. మంద్రస్వరాల ప్రతినాదం తక్కువగా ఉన్న వేదికలనే కళాకారులు, ధ్వని ఇంజనీర్లు మెచ్చుకొన్నారని తేలింది.

మంద్రస్వరాల చిక్కు గృహాలలో మరింత జటిలమైనది. బాస్ గిటారు అత్యంత మంద్ర తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగదైర్ఘ్యం 8.4 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం అందులో సగమైతే, అంటే 4.2 మీటర్లయితే, ఆ స్వరం వద్ద గది అనునాదం చెందుతుంది. అప్పుడు ఆ ఒక్క స్వరం గోడల దగ్గర గుమ్మని మోగి, గది నడుమ దాదాపు అణగిపోతుంది. దోషం స్పీకరుదని భావించి మరింత పెద్ద స్పీకరు కొన్నవాని గదిలో మోత మరింత పెరుగుతుంది.

అందువలన ప్రతిఫలించే గదికి స్పీకరును ఎంచుకొనేవారు మొదట అడగవలసిన ప్రశ్న, అది ధ్వనిని ఏ దిశలలో వెదజల్లుతుంది అన్నది. పక్క గోడలపై, కప్పుపై తక్కువ ధ్వనిని పడవేసి, శ్రోత వైపు ఎక్కువగా పంపే స్పీకరు ఇటువంటి గదికి అనుకూలం. పాల్ క్లిప్ష్ 1940లలో రూపొందించిన క్లిప్ష్‌హార్న్ బాకా వంటి నోటితో ధ్వనికి దిశను కల్పిస్తుంది. స్వల్ప విద్యుచ్ఛక్తితోనే బిగ్గరగా పలుకుతుంది. అయితే దానిని గది మూలలో అమర్చాలి. మూల మంద్రస్వరాలను పెంచే చోటు కనుక గుమ్మనే గదిలో అది జాగ్రత్తగా పరీక్షించదగినది. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ అందించిన క్వాడ్ స్థిరవిద్యుత్ స్పీకరు ముందుకు, వెనుకకు పలుకుతూ పక్కలకు చాలా తక్కువ ధ్వనిని పంపుతుంది. దాని స్పష్టత ప్రసిద్ధమే గాని, రాక్ డ్రమ్ముల తీవ్రతకు దాని శక్తి చాలదు. ప్రతి ప్రతిభకూ ఒక పరిమితి ఉంటుందని ఈ రెండూ తెలుపుతున్నాయి.

రెండవ ప్రశ్న సున్నితత్వం. ఒక వాట్ శక్తితో ఒక మీటరు దూరంలో 97 డెసిబెళ్లు పలికే స్పీకరుకు, 87 డెసిబెళ్లు పలికేదానితో పోలిస్తే, అంతే బిగ్గరతనానికి పదో వంతు శక్తి చాలు. డ్రమ్ము దెబ్బలు వికారం లేకుండా వినిపించడానికి ఈ గుణం తోడ్పడుతుంది.

మూడవది స్థానం. స్పీకరును గోడకు దూరంగా జరిపితే మంద్రస్వరాల మోత తగ్గుతుంది. శ్రోత దానికి దగ్గరగా కూర్చుంటే నేరుగా వచ్చే ధ్వని ప్రతిఫలిత ధ్వనిని మించుతుంది. పలుచని తివాచీ తారస్వరాలను మాత్రమే పీలుస్తుంది. మంద్రస్వరాలకు మూలలలో మందమైన మెత్తలు అవసరం. దళసరి తెరలు, పరుపులు, పుస్తకాలు నిండిన బీరువాలు కూడా ఉపకరిస్తాయి. పై గదిలో శోషణను 16 చదరపు మీటర్లకు సమానంగా పెంచితే ప్రతినాద కాలం సుమారు 0.6 సెకనుకు దిగుతుంది. ఈ మార్పుకయ్యే వ్యయం తరచు స్పీకరు ధరలో కొద్ది భాగమే.

అన్నిటికంటె విలువైనది చెవి. పాట స్పష్టంగా వినిపించనప్పుడు శ్రోత ధ్వనిని పెంచుతాడు. ధ్వనితోపాటు ప్రతినాదమూ పెరుగుతుంది. స్పష్టత మాత్రం పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ఆపై ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 92 డెసిబెళ్ల వద్ద అది రెండున్నర గంటలే. లోపలి చెవిలో నశించిన రోమకణాలు మానవులలో మళ్లీ మొలకెత్తవు. చెడిన స్పీకరును మార్చుకోవచ్చు. చెడిన వినికిడిని మార్చుకోలేము.

అంగడిలో మధురంగా పలికిన స్పీకరు ఇంట్లోనూ అలాగే పలుకుతుందన్న హామీ లేదు. అంగడి గది వేరు, ఇంటి గది వేరు. కొనదలచిన స్పీకరును, బాగా పరిచయమున్న పాటతో, సొంత గదిలో విని నిర్ణయించడమే వివేకం. వీణకు కుండ ఎట్టిదో స్పీకరుకు గది అట్టిది. కుండ దోషం తంత్రిని మార్చినంత మాత్రాన పోదు.

కఠిన పదాలు – అర్థాలు

ప్రతినాదం : మూలధ్వని ఆగిన తరువాత కూడా గదిలో నిలిచే నాదం
అనునాదం : సహజ పౌనఃపున్యం కలిసినప్పుడు కలిగే అధిక కంపనం
శోషణ : పీల్చుకొనుట
మంద్రస్వరం : తక్కువ స్థాయి స్వరం
తారస్వరం : హెచ్చు స్థాయి స్వరం
జటిలమైన : చిక్కైన

ప్రశ్నలు

1. సాబిన్ ఉపన్యాస మందిరంలోని లోపాన్ని ఎట్లా పరిశోధించారో వివరించండి.
2. రాక్ సంగీతానికి తక్కువ ప్రతినాదం ఎందుకు అవసరం?
3. "చెడిన స్పీకరును మార్చుకోవచ్చు, చెడిన వినికిడిని మార్చుకోలేము." – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ తరగతి గదిలో చప్పట్లు కొట్టి, నాదం నిలిచే తీరును గమనించి పది వాక్యాలలో రాయండి.