పరీక్ష ఎవరికి?

సినిమా కాలక్షేపానికేనని పెద్దలంటారు. చింతలపూడి హాస్టల్లో మేము మాత్రం టీ.వీ. కట్టేశాక వరండాలో కూర్చుని వాదించుకునేవాళ్ళం. మామిడి పూత రోజుల్లో బాపుగారి 'భక్త కన్నప్ప' (1976) చూసిన రాత్రి వాదన మాలో ఇంకా తెగలేదు.

కథ శ్రీకాళహస్తిది. తిన్నడు బోయవాడు, మంత్రం రాదు. పుక్కిట నీళ్ళతో అభిషేకం, వేటమాంసం నైవేద్యం. శివుడు కాదనలేదు. భక్తికి కులం లేదన్నమాటేగా అన్నాం మేము. "మరి ఆ భక్తి పూజారికి తెలియాలంటే కన్ను పెరికి, రెండో కంటికీ బాణం ఎత్తాలా? పూజారికి ఏ పరీక్షా లేదేం?" అన్నాడొక తమ్ముడు. గుడి మెట్ల కిందే ప్రసాదం అందుకున్నవాడు వాడు. మాకు నోట మాట రాలేదు.

తర్వాత విశ్వనాథ్‌గారి 'సప్తపది' (1981) చూశాం. ఇందులో పరీక్ష పెద్దాయన యాజులుగారికి! నిష్ఠాపరుడైన ఆయనే, మనవరాలిని ఆమె మనసిచ్చిన దళిత వేణుగాన కళాకారుడికి అప్పగిస్తాడు. కన్నప్ప కథకు జవాబు దొరికిందని సంబరపడ్డాం. మా తమ్ముడు దుప్పటి దులుపుకుంటూ అడిగాడు:

"ఆ తర్వాత వాళ్ళకు ఏ ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చారన్నా?"