గోప్యతాభంగం – ఫిర్యాదు లేఖ

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన హోసూరు వంటి ఊరిలో ఇటువంటి సంఘటన ఎవరింట్లోనైనా జరగవచ్చు. పదవ తరగతి చదివే అమ్మాయిని తల్లి ఒక ట్యూషన్ కేంద్రంలో చేర్పించింది. అక్కడ పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను నంబరు రాయించుకున్నారు. దరఖాస్తు ఆంగ్లంలో ఉంది. ఆమెకు చదవడం వచ్చినది తెలుగు మాత్రమే. చూపిన చోట సంతకం పెట్టింది. పరీక్షలు ముగియగానే ముక్కూమొగం తెలియనివారి ఫోన్లు మొదలైనాయి. మా కాలేజీలో చేర్పించండని ఒకరు, ఇంటి వీధి పేరు చెప్పి మరొకరు! ఆడపిల్ల చిరునామా ఎందరి చేతుల్లో పడిందోనని తల్లి బెంగపెట్టుకుంది. ఇరుగుపొరుగువారు "ఇదంతా మామూలే" అని తేల్చేశారు.

న్యాయస్థానం అలా తేల్చలేదు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పౌరుల హక్కులకు సంబంధించిన సెక్షన్లు అప్పటి నుంచి 18 నెలలకు అమలయ్యేటట్లు ఏర్పాటు చేశారు. కాగితం మీద తీసుకుని కంప్యూటరులోకి ఎక్కించిన వివరాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే ప్రకటనను రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా కోరవచ్చు. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది.

ఫిర్యాదు మొదట వివరాలు తీసుకున్న సంస్థకే చేయాలి. అక్కడ పరిష్కారం కాకపోతేనే డేటా రక్షణ బోర్డుకు వెళ్ళాలి. లేఖలో కోపం కంటె తేదీలు ముఖ్యం. "మా వివరాలు అమ్ముకున్నారు" అని రాస్తే ఋజువేదని అడుగుతారు. ఆ తల్లి ఇలా రాయవచ్చు:

"అయ్యా, గత జూన్‌లో మా అమ్మాయిని మీ కేంద్రంలో చేర్పించినప్పుడు చిరునామా, ఫోను నంబరు ఇచ్చాము. తరగతుల సమాచారం తెలపడానికే ఇచ్చాము. ఏప్రిల్ 12, 14 తేదీలలో ఇద్దరు అపరిచితులు ఫోను చేసి అమ్మాయి పేరు, మా వీధి పేరు చెప్పారు. ఈ వివరాలు మీకు, బడికి తప్ప వేరెవరికీ ఇవ్వలేదు. మీరు వీటిని ఎవరికైనా ఇచ్చారా, ఇస్తే ఎవరి అనుమతితో ఇచ్చారు? రాతపూర్వకంగా తెలుపగలరు. అమ్మాయి చదువు మీవద్ద ముగిసినందున ఆ వివరాలను తొలగించి, తొలగించినట్లు తెలియజేయగలరు."

ఇందులో నింద లేదు. జవాబు తప్పించుకోవడానికి సందూ లేదు. బడి సంగతి దాచకపోవడం మంచిదయింది. అది తరువాత బయటపడితే మిగిలిన మాటలు కూడా నమ్మరు.

వచ్చిన నంబర్లను, సందేశాలను చెరిపివేయకూడదు. ప్రతి అర్జీకీ ఆధార్ నకలు జతచేయడం కొందరికి అలవాటు. అడగనిదే జతచేయకూడదు, ఫిర్యాదు కాగితం కూడా పది చేతులు మారుతుంది కదా! లేఖ నకలుపై అందినట్లు సంతకం, తేదీ తీసుకోవాలి. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఎవరైనా మోసగించి డబ్బు కాజేస్తే మాత్రం లేఖలతో కాలయాపన చేయక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

వివరాలు బయటపెట్టినది ప్రభుత్వ కార్యాలయమైతే రాజ్యాంగం 350వ అధికరణం తోడ్పడుతుంది. కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు అర్జీ పెట్టుకునే హక్కు అది ప్రతివారికీ ఇచ్చింది. అయితే కాగితం అందుకునే గుమాస్తాకు తెలుగు రాకపోతే పని ఆలస్యమవుతుంది గనుక, తమిళంలోనో కన్నడంలోనో ఒక అనువాదం జతచేయడం మేలు.